పడ్డవాళ్లను లేపే పాట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఒక ముచ్చట చెబుతాను. బొల్లారంలో చెల్లెలిని చూసి మా తెనాలికి తిరిగొస్తూ, బస్సు కోసం ముత్తంగి వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. నా పక్కన మందుల ఫ్యాక్టరీలో పనిచేసే నలభై ఏళ్లాయన, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన మోచేతికి కట్టుంది.

“మా ఆయన ముత్తంగి గోదాంల పాటల కచేరికి వోతడంట పెద్దమ్మా! ఒకరినొకరు గుద్దుకుంట ఎగురుతరంట. ఇయ్యాల నేనే వొయ్యి సూస్త. నచ్చకుంటే ఇగ బంద్,” అంది ఆమె.

ఆయన ముఖం చిన్నబోయింది. అవేం పాటలని అడిగితే ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. పిండిమరలో పులి పడి అరిచినట్టుంది! మెటల్ సంగీతమట.

“గిది టీవీల రాదు పెద్దమ్మా. దోస్తులమే గీ పాటలు ఒకరికొకరం ఇచ్చుకుంటం. ఇరవై ఏండ్ల సంది ఇంటున్న. డ్యూటీల నోరు మూసుకొని ఉంట. ఆడ అరిస్తే పానం అల్కగైతది.”

“ఆ తోపులాటలో కిందపడితే ఎలా నాయనా?”

“పడ్డోన్ని ముందుగాల లేపాలె. గదే మా కాయిదా, అందరం పాటించే రూలు. గీ దెబ్బ గూడ ఒకన్ని లేపంగనే తాకింది.”

“అబ్బో, సెప్తడు!” అని భార్య మూతి తిప్పింది.

ముత్తంగిలో దిగబోతూ, చీర అంచు కాలికి చుట్టుకుని రోడ్డు మీద పడ్డాను. ఆయన ఒక్క దూకు దూకి, ఒక చెయ్యి చాచి వెనక బండ్లను ఆపి, కట్టున్న చేత్తోనే నన్ను లేపాడు.

భార్య నా సంచి అందిస్తూ ఆయన్నే చూసింది. “పా, జల్దీ నడువు. పాటల కాడ ముంగట్నే నిలవడదాం,” అంది.

మీ ఇంట్లో ఎవరు తూలిపడినా, లేపే చెయ్యి పక్కనే ఉండాలి తల్లీ. చల్లగా ఉండండి.