శుక్రవారం వచ్చే గుమాస్తా

నాకు అక్షరాలు వచ్చింది అరవై మూడో ఏట. అంతకుముందు ఈ సంగతి రాయలేకపోవడానికి అదొక్కటే కారణమని చెప్పుకుంటే సులువుగా ఉంటుంది. ఇంకొకటి కూడా ఉంది. మా అత్త తొంభై దాటి బతికింది. బతికినన్నాళ్లూ ఆ శుక్రవారం జరిగినదాన్ని తనకు నచ్చినట్టే చెప్పుకుంటూ వచ్చింది. ఎదురుగా కూర్చొని, అట్లా కాదత్తా, ఇట్లా జరిగింది అనే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు. ఆమె పోయి రెండేళ్లయింది. నాకు రాత కొంచెం కుదిరింది. ఇప్పుడు తప్పు రాసినా కసిరేవాళ్లు లేరు, నిజం రాసినా కసిరేవాళ్లు లేరు.

రాత అంటే గొప్పగా ఊహించుకోకండి. మా వీధిలో పిల్లలకు చెప్పే టీచరమ్మ మధ్యాహ్నం పూట నలుగురు ముసలమ్మలను కూర్చోబెట్టి పలకలు ఇచ్చింది. నలభై ఏళ్లు బొరుగుల బట్టీ దగ్గర వేడి ఇసుక కలియబెట్టిన చేతికి బలపం మరీ తేలిక. ఒత్తితే విరిగేది. మొదటి నెలలో నేను నేర్చుకున్న అక్షరాలకన్నా విరిచిన బలపాలే ఎక్కువ. అయినా ఆ రాత వల్లనే మా వీధి ఆడవాళ్ల పొదుపు సంఘానికి పుస్తకం రాసే పని నాకు వచ్చింది. తీరిగ్గా ఉండేది నేనొక్కదాన్నే కదా. మొన్న గురువారం అందరం కూర్చున్నప్పుడు, కొత్తగా చేరిన ఒక కోడలు పిల్ల అడిగింది. “బ్యాంకువాళ్లు శుక్రవారమైతే వాళ్లకు వీలంటాండారు. మనం కూడా శుక్రవారానికి మార్చుకుందామా అవ్వా?” అని. “మార్చుకోండి. పుస్తకం రాసేదానికి ఇంకొకర్ని చూసుకోండి” అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. ఇంటికి వచ్చాక పాపమనిపించింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా ముఖం తిప్పుకోవడం మా అత్త లక్షణం. నాకెప్పుడు అంటుకుందో తెలియదు. అందుకే ఆ పిల్ల కోసం ఇది రాస్తున్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్త. అణాలు ఇంకా చెల్లుతున్న రోజులు. ఆళ్లగడ్డలో తెల్లవారితే ముందు వినిపించేది కోడి కూత కాదు, శిల్పుల ఉలి చప్పుడు. మా ఆయన వాళ్ల దగ్గర రాళ్లు దొర్లించే పని చేసేవాడు. రోజుకు ఏడు మాటలకు మించి మాట్లాడని మనిషి. ఆ ఏడింటిలో నాలుగు ఎద్దులతో. ఇంట్లో మాటలన్నీ మా అత్తవే. అత్తా నేనూ బస్సులు ఆగే చోటికి దగ్గర్లో, మా ఇంటి ముందరే బొరుగులు వేయించేవాళ్లం. ఉప్పునీళ్లు చల్లి ఆరబెట్టిన బియ్యాన్ని కాలిన ఇసుకలో పోస్తే, చూస్తుండగానే చిటపటమని మల్లెమొగ్గల్లా విచ్చుకుంటాయి. రెప్ప వేసినంతలో జల్లెడలోకి తోడకపోతే మాడిపోతాయి. ఆ వాసన ఇప్పటికీ నా తలవెంట్రుకల్లో ఉందని మా మనుమరాలు అంటుంది. బట్టీ మాత్రం మాది కాదు. పొయ్యి, ఇనుప పెనం, జల్లెడ, పైన రెల్లు కప్పు, అన్నీ ఒక షావుకారువి. నాలుగు శేర్లు వేయిస్తే రెండు ఆయనకు కొలవాలి. ఆయన చెడ్డవాడేమీ కాదు. నవ్వుతూనే తీసుకునేవాడు. సగం పోతుందన్న దిగులు కన్నా, ఆ నవ్వు చూసే పని ఎప్పుడు తప్పుతుందా అన్న దిగులే నాకు ఎక్కువగా ఉండేది.

అట్లాంటప్పుడు నంద్యాలలో చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే సహకార సంఘం ఒకటి పెట్టారని తెలిసింది. భూమి అక్కర్లేదు, నగ అక్కర్లేదు. ఐదుగురు కలిసి రావాలి, ఒకరికి ఒకరు పూచీ పడాలి. మా అత్త ఊరంతా తిరిగి ఐదుగురిని కూడగట్టింది. మేము ఒక ఇల్లు, గాజులమ్మే వదిన ఒకటి, కూరగాయలమ్మేవాళ్లు ముగ్గురు. బస్సెక్కి నంద్యాల పోయి, తలా పాతిక రూపాయలు తెచ్చుకున్నాం. ఆ పాతికతో మేము వడ్లు కొన్నాం. అసలు ఆశ పాతిక మీద కాదు. వారానికి రూపాయి చొప్పున సక్రమంగా కడుతూ వస్తే, మూడు నెలలకు సొంత బట్టీ పెట్టుకునేందుకు నూరు రూపాయలు ఇస్తామన్నారు. ఒక్కరు తప్పినా ఐదుగురికీ లేదు. ఆ నూరూ నా మనసులో అప్పటికే పొయ్యి అయింది, పెనం అయింది, కప్పు కూడా పడింది.

వసూలుకు గుమాస్తా సారు వచ్చేవాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పెళ్లి కాలేదు. గొడుగు ఒక చేతిలో, పుస్తకాల సంచి ఒక చేతిలో. మర్యాద మనిషి. ఆడవాళ్ల ముఖం చూడకుండా పొయ్యి వైపు చూసి మాట్లాడేవాడు. గురువారం గోస్పాడు, శుక్రవారం ఆళ్లగడ్డ, శనివారం కోయిలకుంట్ల. అది ఆయనకు ఆఫీసువాళ్లు రాసిచ్చిన వరస. మొదటి శుక్రవారం వచ్చి, “అమ్మా, ఈ వారం రూపాయి” అన్నాడు.

“ఈరోజు ఇయ్యము” అంది మా అత్త.

“దుడ్లు లేవా?”

“ఎందుకు లేవప్పా. ఉండాయి.”

“ఉంటే ఇయ్యచ్చు కదా?”

“ఉండాయి. ఇయ్యము” అని మా అత్త జల్లెడ వైపు తిరిగింది. ఆమె దృష్టిలో మాట అయిపోయింది.

గాజుల వదిన దగ్గరా అదే జవాబు, కూరగాయల వాళ్ల దగ్గరా అదే జవాబు. మాకు అందులో విడ్డూరమేమీ కనిపించలేదు. శుక్రవారం ఇంట్లో లక్ష్మి కూర్చునే రోజు. బేరంలో ఒకరిచ్చిన దాంట్లోంచి చిల్లర తిరిగి ఇవ్వడం వేరు, ఇంట్లో మూట విప్పి దుడ్లు ఇంకొకరి చేతికి ఇవ్వడం వేరు. ఆ పని ఏ ఇల్లాలూ చేయదు. ఇది చెప్పాల్సిన మాటా? పైగా, శుక్రవారం పూట ‘లక్ష్మి పోతాది’ అని నోటితో అనడమే పెద్ద తప్పు. మా అత్త ఆ మాట అననివ్వదు. సారుకు తెలియదని మాకెట్లా తెలుసు? ఆయనకు పసితనంలోనే తల్లి పోయిందనీ, హాస్టళ్లలో పెరిగి హోటళ్లలో తింటున్నాడనీ, శుక్రవారం ఏం చేస్తారో ఏం చేయరో చెప్పే ఆడదిక్కు ఆయనకు ఎన్నడూ లేదనీ తర్వాత ఎప్పటికో తెలిసింది.

శనివారం తెల్లవారితే వస్తాడనుకొని రూపాయి కొంగున కట్టుకొని నేను ఎదురుచూసేదాన్ని. ఆయన శనివారం కోయిలకుంట్లలో ఉంటాడు. పోయి కట్టొద్దామంటే నంద్యాలకు బస్సు ఛార్జీ, ఒక పూట బట్టీ నష్టం. “వచ్చేవాడు వస్తాడులే, మన దుడ్లు యాడికి పోతాయి” అనేది అత్త. అందరి రూపాయలూ మా ఇంట్లోనే చేరాయి. ఐదు గుడ్డ ముక్కల్లో ఐదు మూటలు కట్టి బియ్యం కుండలో పెట్టింది. రెండో శుక్రవారం గుమాస్తా సారు వచ్చాడు. ఉండాయి, ఇయ్యము. మూడో శుక్రవారం వచ్చాడు. “నన్ను ఎగతాళి చేస్తాండారా అమ్మా?” అన్నాడు పొయ్యి వైపు చూస్తూ. “మాకేం పనిలేదా అప్పా, నిన్ను ఎగతాళి చేసేకి?” అంది మా అత్త. ఆ మాటకు నిజంగానే నొచ్చుకొని ఆ పూటంతా గొణిగింది. ఆయన ఆ సాయంత్రమే తన పుస్తకంలో రాశాడట: డబ్బు ఉన్నదని ఒప్పుకుంటున్నారు, ఇవ్వమని అంటున్నారు. అబద్ధం ఒక్క అక్షరం లేదు. నంద్యాలలో అది చదివిన పెద్ద ఆఫీసరుకు ఆళ్లగడ్డ ఆడవాళ్లు ఐదుగురూ కట్టుగా తిరగబడ్డారని అర్థమైంది.

నాలుగో శుక్రవారం బస్సులోంచి ఇద్దరు దిగారు. గొడుగు పట్టుకొని గుమాస్తా సారు, వెనక తలపాగా పెద్దాఫీసరు. నెరిసిన మీసాలు. శిల్పులు పనికి రాదని వదిలేసిన ఒక బండరాయి మా బట్టీ ముందు ఉండేది. దాని మీద ఆయన కూర్చున్నాడు. సంచిలోంచి ఒక కాగితం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. షావుకారు మనిషి ఒకడు బొరుగులు కొలిపించుకోవడానికి వచ్చి ఉన్నాడు. వాడు కదలకుండా నిలబడిపోయాడు. గాజుల వదిన, కూరగాయల వాళ్లు పరుగున వచ్చి మా వెనక చేరారు.

“ఈ కాగితం మీద నేను సంతకం పెడితే ఈ ఊర్లో మా సంఘం ఇంక ఎవరికీ అప్పియ్యదు” అన్నాడు ఆఫీసరు. “మీకే కాదు, మీ తర్వాత అడిగినోళ్లకు కూడా. చివరి మాట అడుగుతాండా. దుడ్లు ఉండాయా, లేవా?”

“ఉండాయి” అంది మా అత్త.

“ఇస్తారా?”

“ఈరోజు ఇయ్యము.”

“రోజూ ఈరోజే కదమ్మా.”

“అది మీరు చూసుకోవాల” అని మా అత్త గోడలాగా నిలబడింది. ఆమె ముఖం నిండా చెమట. భయమో, బట్టీ సెగో తెలియలేదు. షావుకారు మనిషి కిసుక్కున నవ్వాడు. “ఇంక ఎప్పటికీ సగం మాకేలే” అన్నాడు ఎవరితోనూ కాకుండా.

ఆఫీసరు కలం మూత తీశాడు. ఆ మూత తీసిన చిన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పెనంలో బియ్యం పోసి ఉంది. కలియబెట్టడం మరిచిపోయాను. మాడు వాసన వస్తున్నా నాకు తెలియలేదు. నా పొయ్యి, నా పెనం, నా కప్పు, అన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. అత్త ఎదుట నోరెత్తి ఎరగను. గంటె పడేసి ఇంట్లోకి పోయి, బియ్యం కుండలోంచి ఐదు మూటలూ తెచ్చి, జల్లెడలో వేసి, ఆఫీసరు కాళ్ల దగ్గర పెట్టి ఒక్కొక్కటీ విప్పాను. ఒక్కో దాంట్లో నాలుగు రూపాయలు.

“ఎంచి చూసుకోండి సార్. ముట్టుకోవద్దండి” అన్నాను. “నాలుగు వారాలవీ ఉండాయి. ఈరోజు శుక్రవారం సార్. శుక్రవారం ఇంట్లో లక్ష్మిని ఎట్లా పంపిస్తామండీ?”

వెనక మా అత్త ఊపిరి గట్టిగా లోపలికి పీల్చింది.

ఆఫీసరు జల్లెడ వైపు చూశాడు. చూపుతోనే ఎంచాడు, పెదాలు కదులుతున్నాయి. తర్వాత తల తిప్పి గుమాస్తా సారును అడిగాడు. “నువ్వు ఈ ఊరికి ఏ వారం వస్తాండావ్?”

“శుక్రవారం సార్.”

“అన్ని సార్లూ?”

“వరస అట్లా రాసిచ్చినారు సార్.”

“రాసిచ్చింది నేనే కదా” అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా. కొంతసేపు మీసం దువ్వుకున్నాడు. “మా ఇంటామె శుక్రవారం పాలోనికి కూడా దుడ్లియ్యదు. నలభై ఏండ్లుగా చూస్తాండా. వరస రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుకే రాలేదు.” తర్వాత మా అత్త వైపు చూసి, “ఈ ఒక్క మాట ఇతనికి ముందే చెప్పుంటే ఏం పోయేదమ్మా?” అన్నాడు.

“శుక్రవారం పూట ఆ మాట ఎవరన్నా అంటారా?” అంది మా అత్త, నా వైపు కాల్చేసేలా చూస్తూ. “తెలిసినోళ్లకు చెప్పక్కర్లేదు. తెలీనోళ్లు అప్పులియ్యనీకి ఎందుకు రావల్ల?”

ఆఫీసరు నవ్వాడు. కలానికి మూత పెట్టాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులోకి తోశాడు. గాజుల వదిన నా భుజం పట్టుకొని అట్లాగే కింద కూర్చుండిపోయింది. ఆమె గాజుల చప్పుడులోనే మా అందరి ఊపిరీ బయటికి వచ్చింది. ఇక మీదట గోస్పాడు బుధవారం చూసుకొని ఆళ్లగడ్డకు గురువారం రావాలనీ, శుక్రవారం ఆఫీసులో కూర్చొని రాతపని చూసుకోవాలనీ, ఈ పూటకు ఇక్కడే ఉండిపోయి రేపు వసూలు చేసుకొని రావాలనీ గుమాస్తా సారుకు చెప్పి ఆయన సాయంత్రం బస్సెక్కాడు. అంతకు ముందు బండరాయి మీంచి లేస్తూ, “ఏదో మాడతాంది, చూసుకోమ్మా” అన్నాడు నాతో. నాలుగు శేర్ల బియ్యం బొగ్గయింది. అందులో రెండు శేర్లు షావుకారువే అని తర్వాత గుర్తొచ్చి కొంచెం సంతోషించాను. అప్పటికి నాది చిన్న వయసు.

మా అత్త ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే దీపం పెట్టింది, అన్నం పెట్టింది. తర్వాత తర్వాత ఆమె ఈ కథ చెప్పేటప్పుడు అందులో నేను ఉండేదాన్ని కాదు. ‘అది మీరు చూసుకోవాల’ అని తాను అనగానే ఆఫీసరు వణికిపోయి కాగితం మడిచేశాడనేది. ఆ కథ వింటూనే మేము మూడు నెలలకు సొంత బట్టీ పెట్టుకున్నాం, మా తర్వాత ఆ వీధిలో ఎన్నో ఇళ్లు సంఘం అప్పుతో పొయ్యి రాజేశాయి, అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. శుక్రవారం పోయి శనివారం కావడానికి ఒక్క రాత్రి చాలు. ఆ ఒక్క రాత్రి ఆగితే సరిపోతుందని ఒకరికొకరు చెప్పుకోవడానికి మాకు నాలుగు వారాలు పట్టింది. నాకు రాయడానికి ఇన్నేళ్లు.

మరుసటి రోజు పొద్దున్నే, శిల్పుల ఉలి ఇంకా మొదలు కాకముందే, గుమాస్తా సారు గొడుగు పట్టుకొని మా బట్టీ ముందు నిలబడ్డాడు. “ఈరోజు శనివారం” అన్నాడు, మాకు తెలియదేమో అన్నట్టు. నేను మూటలు తెచ్చి పక్కన పెట్టుకున్నాను. “బోణీ కాలేదు సార్. బోణీ కాకముందు కూడా ఇయ్యము” అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. అంతలోనే ఏదో అర్థమైనట్టు జేబులో చేయి పెట్టి, “అయితే నాకు అణా బొరుగులు పోయండి” అన్నాడు. ఆయన మా పొయ్యి వైపు కాకుండా మనిషి వైపు చూసి మాట్లాడింది అదే మొదలు. అణా కళ్లకద్దుకొని కొలవబోతుంటే లోపలి నుంచి మా అత్త గొంతు వినిపించింది. “కొసరు వెయ్యి మే. బోణీ బేరం.” రెండు గుప్పిళ్లు కొసరు వేసి ఆయన సంచిలో పోశాను. అప్పుడు మూటలు విప్పి, ఇరవై రూపాయలూ ఆయన చేతిలో పెట్టాను.