ఆగమన్న మాట

ఆ వీధిలో ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అనేవారు. చెవులు పెద్దవని కాదు, ఇంజన్ మూత ఎత్తకుండానే జబ్బేమిటో చెప్పేస్తాడని. బండి ఇంకా మలుపు తిరగకముందే ఏ ప్లగ్గు పోయిందో చెప్పి, కొత్తది చేతిలో పట్టుకుని నిలబడేవాడు. పొగడ్తలు వినీ వినీ మనిషికి అది కాస్త తలకెక్కింది. తన చెవికి వినపడలేదంటే ఆ చప్పుడు ఇంజన్‌లో లేనట్టేనని వచ్చినవాళ్ళందరితో అనేవాడు. కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ఇంట్లో ఒక తమ్ముడుండేవాడు గానీ, పాపం అతనికి నోట్లో నాలుక లేదు.

అన్నదమ్ములిద్దరికీ పని నేర్పింది తండ్రే. బానెట్ లేచి ఉన్నప్పుడు సీట్లో ఉన్నవాడికి ఇంజన్ దగ్గర ఉన్నవాడు కనపడడు కాబట్టి, తాళం తిప్పేముందు సీట్లోవాడు "తిప్పనా?" అని అడగాలని నియమం పెట్టాడాయన. ఇంజన్ దగ్గరివాడు ఊఁ అంటే తిప్పాలి, ఆగు అంటే ఆగాలి. ఏ జవాబూ రాకపోతే దిగి వెళ్ళి చూడాలి. తండ్రి పోయాక కూడా ఆ షెడ్డులో ఏళ్ళ తరబడి ఆ పద్ధతి తప్పలేదు.

తర్వాత తర్వాత తమ్ముడు పలకడం తగ్గించాడు. మేస్త్రికైతే అలాగే తోచింది. స్పానర్ అడిగితే పలకడు, అన్నానికి పిలిస్తే పలకడు. పెళ్ళయ్యాక పొగరెక్కిందనుకున్నాడు మేస్త్రి. మాటిమాటికీ సీటు దిగి వెళ్ళి చూడటం విసుగనిపించి, జవాబు రాకపోయినా తాళం తిప్పేయడం మొదలుపెట్టాడు. అలా తిప్పిన ఒకనాడు తమ్ముడి చెయ్యి ఫ్యాన్ బెల్టు దగ్గరుంది. చిటికెన వేలు సగం పోయింది.

రక్తం చూసి మేస్త్రి భయపడ్డాడు. ఆయన భయం ఎప్పుడూ కోపం వేషంలోనే బయటికొస్తుంది. పలకడానికేం రోగమని పదిమందిలో అరిచాడు. తాను ఆగమన్నానని తమ్ముడన్నాడు. "అబద్ధాలాడకు" అన్నాడు మేస్త్రి. వేలు పోయినందుకు కాదు గానీ ఆ మాటకే తమ్ముడు మర్నాటి నుంచి రాలేదు. బస్సు డిపో అవతల వేరే షెడ్డు పెట్టుకున్నాడు. ఒకే ఊళ్ళో ఉంటూ అన్నదమ్ములు ఆరేళ్ళు ఎదురుపడకుండా తిరిగారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి అదేమంత కష్టం కాలేదు.

ఇప్పుడు మేస్త్రి షెడ్డులో ఒక రొట్టెల వ్యాను నిలబడి ఉంది. పాతకాలపు కార్బురేటర్ బండి. పరుగులో బాగానే ఉంటుంది, ఆగితేనే గోల. యాక్సిలరేటర్ తొక్కకుండానే రేజవుతుంది, పైగా మిస్సింగ్ కొడుతూ వణుకుతుంది. ఆగి ఉన్నప్పటి వేగాన్ని కుదించే ఐడ్లింగ్ స్క్రూను మేస్త్రి మొత్తం వదులు చేశాడు. వేగం తగ్గలేదు. యాక్సిలరేటర్ వైరు ఎక్కడైనా పట్టేసిందేమో చూశాడు, చోక్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూశాడు. కార్బురేటర్ ఊడదీసి జెట్లు కడిగాడు, బిగించాడు, మళ్ళీ ఊడదీశాడు. ప్లగ్గులు మార్చాడు. బండి మాత్రం తన పాట తను పాడుతూనే ఉంది. రొట్టెలాయన రోజూ వచ్చి, ఏమీ అనకుండా చూసిపోతున్నాడు. తిట్టినా బాగుండుననిపించేది మేస్త్రికి.

మధ్యాహ్నం ఇంజన్ నడుస్తుండగానే దాని మీదికి వంగి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. షెడ్డు వెనకే ఇల్లు. భార్య భోజనం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, బండి వైపు చూసి, ఆ బుసేమిటని అడిగింది.

"బుసేమిటి?" అన్నాడు మేస్త్రి.

"పాము బుసకొట్టినట్టు లేదూ? అదిగో, ఆ కింద. మీకు వినపడటం లేదా?"

వినపడటం లేదు. ఇంజన్ దడదడ వినపడుతోంది, వీధిలో లారీ మోత వినపడుతోంది. బుస మాత్రం లేదు. ఆవిడ వేలు చూపించిన చోటికి చెయ్యి పోనిచ్చాడు. కార్బురేటర్ కిందినుంచి పోయే రబ్బరు గొట్టం, చిటికెన వేలంత లావుది, అడుగువైపు చీలి ఉంది. ఆ చీలిక మీద వేలు పెట్టగానే చర్మాన్ని లోపలికి లాక్కుంది. ఇంజన్ వేగం దిగింది, వణుకు ఆగింది. వేలు తీస్తే మళ్ళీ రేజయింది. అక్కర్లేని గాలి లాగుతోంది, అంతే. గోటితో పోయేదానికి ఇన్నాళ్ళూ గొడ్డలి పట్టుకు తిరిగాడు.

ఇంజన్ ఆపాడు. తర్వాత భార్య వైపు తిరగకుండానే అడిగాడు.

"ఆ రోజు వాడు ఆగమన్నాడా?"

"రెండుసార్లన్నాడు. ఆ సాయంత్రమే చెప్పాను. మరిదిని వెనకేసుకొస్తున్నావన్నారు."

మేస్త్రి పాత టైరు మీద కూర్చుండిపోయాడు. ఆ రోజొక్కటే కాదు, అంతకు ముందు రోజులన్నీ గుర్తుకొచ్చాయి. స్పానర్ అడిగినప్పుడూ, అన్నానికి పిలిచినప్పుడూ వాడు పలుకుతూనే ఉన్నాడన్నమాట. మెత్తటి గొంతు వాడిది, చిన్నప్పటి నుంచీ అంతే. దిగి వెళ్ళి చూడమని తండ్రి ఊరికే చెప్పలేదు. నాలుగడుగులు వేసి ఉంటే వేలు దక్కేది, తమ్ముడూ దక్కేవాడు. ఆయనకు ఏడుపొచ్చింది. భార్య ముందు దాచుకోలేదు.

అన్నం తినకుండానే గొట్టం మార్చి, ఐడ్లింగ్ సరిచేశాడు. వ్యాను నిదానంగా, వణుకు లేకుండా నిలబడింది. ట్రయల్ చూసొస్తానని చెప్పి బస్సు డిపో వైపు పోనిచ్చాడు.

తమ్ముడు ఒక కారు బానెట్ కింద వంగి ఉన్నాడు. జుట్టు నెరిసింది. వ్యాను దిగిన అన్నను చూసి నిటారుగా నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. పూర్వమైతే, గొణుగుతున్నాడని మేస్త్రి మండిపడేవాడు.

దగ్గరికి వెళ్ళాడు. "వినపడలేదురా" అన్నాడు. అంతకు ముందెన్నడూ ఆయన నోట రాని మాట అది. "ఆ రోజు కూడా వినపడలేదు. నువ్వు చెప్పావు. నాకే వినపడలేదు."

తమ్ముడు గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. సగం వేలు కూడా తుడుచుకున్నాడు. మేస్త్రి చూపు అక్కడినుంచి తిప్పుకోలేకపోయాడు. ఈ మాట చెప్పినంత మాత్రాన అది మళ్ళీ మొలవదని ఆయనకూ తెలుసు.

తమ్ముడు గుడ్డ పక్కన పడేసి, అన్న చెవి దగ్గరికి వచ్చి, తన జన్మలో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తాడు.

"భోజనం చేశావా అని అడిగానన్నా."