అమ్మను కూర్చోబెట్టిన ఇల్లు

ఈమధ్య పచ్చడి సీసాల మూతలు ఎవరు బిగిస్తున్నారో గానీ, మనిషి మీద కక్షతో బిగిస్తున్నట్టున్నారు. నిన్న ఉదయం గోంగూర సీసాతో నేను కుస్తీ పడుతుంటే మా కోడలు చూసి, ఎంతో ప్రేమగా దాన్ని లాక్కుని, మీరు కూర్చోండి మామయ్యా అంది. ఆ మాటతో గోంగూర మీద యావ పోయి, మా అమ్మ గుర్తుకొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో, మీలో చాలామందిలాగే నేనూ ఎమ్మెస్సీ పట్టాను పెట్టె అడుగున భద్రంగా సర్దుకుని ఆక్లండ్‌లో దిగాను. ఆ నగర శివారు పాపకూరలో ఒక వృద్ధాశ్రమంలో మా అక్క నర్సు. ఆవిడ సిఫారసుతో అక్కడే కేర్‌గివర్‌గా చేరాను. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి గనక బరువైన దొరలను ఎత్తడానికి పనికొస్తాననుకున్నాను. తీరా చూస్తే అక్కడ ఎత్తడమే కూడదు. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు లేవాలి, ఎవరి గుండీలు వాళ్ళు పెట్టుకోవాలి, ఎంతసేపు పట్టినా మనం చేతులు కట్టుకుని నిలబడాలి. అక్క అందులో దిట్ట. తుంటి ఎముక విరిగి ఇక మంచమే గతి అనుకున్న ఒక దొరసానిని బతిమాలి, కసిరి, టీ కావాలంటే టేబుల్ దగ్గరికి రావలసిందేనని మొండికేసి, చలికాలం గడిచేసరికి తోటలోకి నడిపించింది.

అప్పుడే అమ్మ గుంటూరు నుంచి, అక్కావాళ్ళు ఆ పక్కనే టకానినిలో కొత్తగా కొనుక్కున్న ఇంటికి వచ్చింది. నేనూ వాళ్ళతోనే ఉండేవాణ్ణి. వచ్చిన కొన్నాళ్ళకే మలుపులోని డెయిరీకి, అదే ఇక్కడి చిల్లరకొట్టుకు, తనే వెళ్ళి పాలు తెచ్చేది. ఆ కొట్టాయనకూ ఆవిడకూ తెలిసిన భాష ఒక్కటీ లేకపోవడంతో వాళ్ళ స్నేహం ఏనాడూ చెడలేదు. పెరట్లో తోటకూర వేసింది, బట్టలు ఆరేసింది, సాయంత్రాలు వీధి చివరిదాకా వెళ్ళి రైళ్ళు చూసొచ్చేది.

ఒక ఆదివారం మా ఇంట్లో ప్రార్థనకూటానికి వచ్చిన ఒకావిడ, అమ్మ చేతిలో బట్టల బుట్ట చూసింది.

“ఏంటక్కా, ఆంటీ చేత బట్టలారేయిస్తున్నారా? డ్రయర్ పాడైందా?”

అందరూ నవ్వారు, అక్కా నవ్వింది. మర్నాడు అమ్మ చేతిలోంచి బుట్ట పోయింది. తరవాత చలి అని డెయిరీ, జారుతుందని పెరడు కూడా పోయాయి, చివరికి అన్నం పళ్ళెం కూడా సోఫాలోకే రావడం మొదలైంది. కాఫీ అందించే శాఖ నాది. ఊరికే కూర్చోలేకపోతున్నానే అని అమ్మ గొణిగితే, జీవితమంతా చేశావు, ఇంక చాలమ్మా అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అందులో నటన లేదు, అదే వచ్చిన చిక్కు. తల్లిని పువ్వుల్లో పెట్టి చూసుకుంటోందని చర్చిలో మంచి పేరు కూడా వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర అక్క దొరసాని ముచ్చట్లు చెబుతుంటే, ఇవాళ ఎందాకా నడిచిందే అని అమ్మ సోఫాలోంచే అడిగేది.

రెండో చలికాలం చివర ఒక ఉదయం అమ్మ సోఫా చేతుల మీద బరువు మోపింది గానీ లేవలేకపోయింది. జబ్బేమీ లేదు, వాడకపోవడంతో కండలు కరిగిపోయాయన్నాడు డాక్టరు. అది తెలిసినవాళ్ళమే ఇంట్లో ఇద్దరం ఉన్నాం.

ఇప్పుడు మనవాళ్ళ పెద్దలు బూట్లు వేసుకుని పార్కుల్లో గుంపుగా నడుస్తున్నారు, కమ్యూనిటీ హాళ్ళలో చేతులూపుతూ వ్యాయామాలు చేస్తున్నారు. కొడుకులే కార్లలో దింపి వెళుతున్నారు, ఎవరికీ నామోషీ లేదు. చూడముచ్చటగానే ఉంటుంది. అమ్మకు ఆ రోజులు అందలేదు, మా గౌరవం మాత్రమే అందింది.

డాక్టరు ఆ మాట అన్న వారమే అక్క ఒక వాకర్ తెచ్చి అమ్మ ముందు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆశ్రమంలో వాడే గొంతుతో, నెమ్మదిగా, నీ అంతట నువ్వే లేవాలమ్మా అంది. అమ్మ వాకర్ వంక చూసింది, అక్క వంక చూసింది.

“ఆ దొరసానిని నడిపించడానికైతే నీకు జీతమిచ్చారు. నన్ను కూర్చోబెట్టడానికి నీకెవరిచ్చారే?”