వేడినీళ్ల కోసం ఎల్బీనగర్ దాకా

మా వీధిలో కాశీకి పోయి వచ్చినవాళ్లు ఉన్నారు, చార్‌ధామ్ చుట్టి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల యాత్రా విశేషాలు వినీ వినీ నా చెవులకు చిల్లులు పడ్డాయి. సైదాబాద్‌లో బయల్దేరి ఎల్బీనగర్ పోయి రెండు రోజులకు తిరిగి వచ్చిన మనిషి మాత్రం నాకు తెలిసి ఎవరూ లేరు. ఆ ఘనత నాది. ముందుముందు పోదలచినవారికి పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఎందుకు పోయానో చెప్పాలి. ఎల్బీనగర్‌లో ఉండే మా తమ్ముడు నర్సింహ మేడమీద సోలార్ వాటర్ హీటర్ పెట్టించాడు. మా నల్గొండ వైపు కొత్తింట్లో పాలు పొంగించేది ఆడబిడ్డ. మా తమ్ముడు ఆ పద్ధతిని పాలతో ఆపలేదు. ఫ్రిజ్ కొంటే ప్లగ్గు పెట్టింది నేనే, బోరు వేస్తే స్విచ్చి నొక్కింది నేనే. కాబట్టి హీటర్‌లోకి మొదటిసారి నీళ్లు వదిలే వాల్వు కూడా నేనే తిప్పాలి. తిప్పినందుకు చీర పెడతారు. నేను చీర కోసమే పోతానని మా ఆయన ఎగతాళి చేస్తారు. చీర కోసం కూడా పోతాను, అందులో తప్పేముంది?

ఆదివారం రాత్రి నర్సింహ ఫోన్ చేశాడు. "అక్కా, రేపు పొద్దుగాల ఆరున్నరకల్లా రావాలె. జల్ది రా."

"వస్త గని, నేనొచ్చేదాంక దాని మీద చెయ్యి గూడ పెట్టకు," అన్నాను. ఎందుకంత పొద్దున్నే అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

సోమవారం ఐదింటికే లేచాను. ప్రయాణంలో ఆకలైతే ఎట్లా అని పులిహోర కలిపాను. అది చల్లారి డబ్బాలోకి ఎక్కేసరికి ఏడూ ఇరవై అయింది. చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన క్యాలెండర్ చూసి, ఏడున్నరకు రాహుకాలం అన్నారు. శుభకార్యానికి పోతూ రాహుకాలంలో గడప దాటడం మా ఇంటా వంటా లేదు. సంచి ఒళ్లో పెట్టుకుని తొమ్మిది దాకా కుర్చీలోనే కూర్చున్నాను. ఈలోపు నర్సింహ రెండుసార్లు ఫోన్ చేసి ఎక్కడున్నవ్ అక్కా అన్నాడు. రెండుసార్లూ "తొవ్వల ఉన్న" అని చెప్పాను.

తొమ్మిదీ ఐదుకు గడప దాటాను. షేర్ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి తొమ్మిదీ ఇరవై ఐదు. స్టేషన్ కింద మూర పూలు బేరం చేయడానికి పది నిమిషాలు పట్టింది. మెట్రోలో సంచిని మిషన్‌లో పెడితే తెర మీద గుండ్రంగా ఏదో కనిపించి, కాపలా అమ్మాయి సంచి విప్పమంది. కొబ్బరికాయ చూసి, "కొట్టేదుంటే స్టేషన్ బయటికి పోయినంక కొట్టుకో అమ్మా," అని నవ్వి వదిలేసింది.

తొమ్మిదీ నలభై ఎనిమిదికి రైలు. పక్క సీట్లో కోచింగ్ పుస్తకాలు పట్టుకున్న ఒక అమ్మాయి నా పెద్ద సంచి చూసి, "ఊరికి పోతున్నరా ఆంటీ?" అంది. ఎల్బీనగర్ అన్నాను. ఆ పిల్ల సంచి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి పుస్తకంలో తల దూర్చింది. మెట్రోలో తినకూడదని అక్కడే బోర్డు ఉంది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి, పులిహోర డబ్బా మూత తీసే యోగం లేకుండానే ఎల్బీనగర్ వచ్చేసింది.

చౌరస్తాలో నా సంచి మళ్లీ పని చేసింది. బస్సులవాళ్లు సూర్యాపేట, నల్గొండ, విజయవాడ అంటూ చుట్టుముట్టారు. నేను ఇక్కడిదాకే అంటే ఒకతను నమ్మలేదు, "ఏసీ బస్సే అమ్మా, జర చూసిపో" అని వెంటపడ్డాడు. వాడిని తప్పించుకుని ఆటో ఎక్కి, పదీ ఇరవైకి తమ్ముడి ఇల్లు చేరాను.

నేరుగా మేడ ఎక్కించారు. వాలుగా పెట్టిన ఇనుప చట్రం మీద ఇరవై నల్లటి గాజు గొట్టాలు, వాటి నెత్తిన పెద్ద తెల్లటి డ్రమ్ము. ఎండ చురుక్కుమంటోంది. మా మరదలు సుగుణ పళ్లెంలో పసుపు, కుంకుమ పట్టుకుని నిలబడింది. ఈ హీటర్ సుగుణది. ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. రెండేళ్లుగా పొద్దున పూట చన్నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు బిగుసుకుపోయి, తొమ్మిది దాటితే గాని సూది పట్టుకోనివ్వడం లేదు. కుట్టు డబ్బులు కొద్దికొద్దిగా దాచి ఇది కొనుక్కుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా కుర్చీలో కూర్చున్నాను.

డ్రమ్ముకు బొట్టు పెట్టాను. వాల్వుకు పసుపు రాశాను. నర్సింహ కొబ్బరికాయ కొట్టి, వీడియో కోసం ఫోన్ తీశాడు. నేను కొంగు సర్దుకుని వాల్వు మీద చెయ్యి వేశాను.

"అమ్మా, ఆ చెయ్యి కాస్త తీయండి," అని మెట్ల మీది నుంచి ఒక గొంతు వినిపించింది.

హీటర్ బిగించిన శ్రీనివాసరావు. గోదావరి వైపు మనిషి, ఎక్కడైనా నీళ్లు కారుతున్నాయేమో చూడడానికి వచ్చాడు. "పొద్దున్నే నీళ్లు వదల్లేదా సార్? పైపులకి రాసిన గమ్ము రాత్రంతా ఆరనిచ్చి, ఎండ రాకముందే నింపమని చెప్పాను కదండీ."

నర్సింహ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"అక్క కోసం ఆగినం," అన్నాడు నర్సింహ.

తప్పు నా మీదికి రాకుండా గొట్టాన్ని ముట్టుకుని చూశాను. "చల్లగనే ఉన్నది గద బాబూ."

"పైన చల్లగానే ఉంటుందండీ, అక్కడే అందరూ మోసపోతారు. గాజు లోపల ఇంకో గాజు ఉంటుంది, మధ్యలో గాలి ఉండదు, అందుకని వేడి బయటికి రాదు. లోపలిది పొద్దుట్నుంచి ఉత్తినే కాగుతోంది. కాగిన పెనం మీద చన్నీళ్లు పోస్తే ఎలా ఉంటుందో మీకు తెలియనిదా? ఇది గాజు, చిట్లిపోద్దండీ."

"పగిలితే మారుస్తరా?" సుగుణ అడిగింది.

"ఎండలో ఖాళీగా ఉంచి నింపితే గ్యారంటీ ఇవ్వరమ్మా."

సుగుణ గొట్టాల వైపు చూస్తూ పళ్లెం కింద పెట్టింది. ఒక్క చుట్టు తిప్పి ఉంటే ఆమె రెండేళ్ల కుట్టుపని నా చేతి మీదుగా గాజు పెంకులయ్యేది. ఎవరైనా నాలుగు మాటలు తిడితే బాగుండుననిపించింది.

శ్రీనివాసరావు చెప్పినట్టు దుప్పట్లు, ఒక రగ్గు, సుగుణ దగ్గరున్న లైనింగ్ గుడ్డలు తెచ్చి గొట్టాలన్నిటినీ కప్పేశాం. లోపలి వేడి అంత తొందరగా దిగదు కాబట్టి మర్నాడు తెల్లవారుజామునే నింపాలన్నాడు. అంటే నేను రాత్రి ఉండిపోవాలి. మా ఆయనకు ఫోన్ చేసి ఎల్బీనగర్‌లో బస అని చెబితే, హోటలా సత్రమా అని అడిగారు.

ఒంటిగంటకు పులిహోర డబ్బా ఎట్టకేలకు తెరుచుకుంది. శ్రీనివాసరావు రెండోసారి వడ్డించుకుంటూ, "ఇందులో ఆవ పెట్టరాండీ మీరు?" అన్నాడు. మా దిక్కు పెట్టరు బాబూ అన్నాను. పెడితే ఇంకా బాగుంటుందని అతనూ, పెట్టకపోయినా రెండోసారి తింటున్నావని నేనూ కాసేపు వాదించుకున్నాం.

సాయంత్రం చాయ్ తాగుతుంటే సుగుణ మెల్లగా అంది, "రేపు మంగళారం వదినె. కొత్త పనికి మంచిది గాదంటరు."

"సూర్యునికి వారాలు తెల్వయి సుగుణా. నోరు మూసుకుని పడుకుందాం."

ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడే.

మంగళవారం ఐదూ పదికి మెలకువ వచ్చింది. వంటింట్లో లైటు వెలుగుతోంది. సుగుణ స్టవ్ మీద కాచిన నీళ్లు గిన్నెలో పోసుకుని రెండు చేతులూ ముంచి కూర్చుంది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఇన్నిసార్లు వచ్చాను, ఎప్పుడూ పదింటికి రావడం, భోంచేసి పోవడం. పొద్దున ఐదింటికి ఈ ఇల్లు ఎట్లా ఉంటుందో చూడలేదు.

"దినాం గిట్లనేనా?" అన్నాను.

"గ్యాస్ అయిపోతదని ఆయన ఏం అనడు. నాకే మనసొప్పది."

నిన్న కుర్చీలో గంటన్నర కూర్చుని, తొవ్వలో ఉన్నానని మీకు అబద్ధం చెప్పాను అన్నాను. తెలుసు వదినె, ఫోన్లో మీ ఇంటి టీవీ వినబడింది అంది.

ఐదూ ముప్పై ఐదుకు మేడ మీద దుప్పట్లు తీశాం. వాల్వు దగ్గర నేను పక్కకు జరిగి, "నువ్వు తిప్పు," అన్నాను.

"ఆడబిడ్డ తిప్పాలె గద."

"నిన్న తిప్పబోయిన ఆడబిడ్డ ఏం జేసేదో చూసినవ్ గద. తిప్పు."

కొత్త వాల్వు గట్టిగా ఉంది, ఆమె వేళ్లకు లొంగలేదు. ఆమె చేతి మీద నా చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి తిప్పాం. గొట్టాల్లో నీళ్లు గుడగుడమని దిగసాగాయి. ఎక్కడ టప్‌మంటుందోనని ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. నర్సింహ టార్చ్ పట్టుకుని జాయింట్లన్నీ చూశాడు, ఒకచోట చుక్కలు పడుతుంటే బిగించాడు. ఫోన్లో శ్రీనివాసరావు ఆవులిస్తూ, గాలి పోయే గొట్టంలోంచి నీళ్లు వస్తే నిండినట్టేనండీ అన్నాడు. చాలాసేపటికి ఆ సన్నటి గొట్టం రెండుసార్లు దగ్గి నీళ్లు కక్కింది. నేను గొట్టాలు లెక్కపెట్టాను. ఇరవయ్యీ బాగున్నాయి.

ఇక ఆ రోజంతా చేసిన పని ఎండ కోసం చూడడమే. ఒక మబ్బు వస్తే దాన్ని తిట్టాను. నాలుగూ పదిహేనుకు సుగుణ వెనక బండ దగ్గర నల్లా తిప్పింది. చన్నీళ్లు వచ్చాయి. అర బకెట్ నిండినా చన్నీళ్లే. మా ముఖాలు వాడిపోయాయి. పైపులో నిలిచిన నీళ్లు పోవాలె గద అన్నాడు నర్సింహ, నమ్మకం లేని గొంతుతో. బకెట్ నిండబోతుండగా నీళ్లు గోరువెచ్చనయ్యాయి, ఆ తర్వాత ఆవిరి లేచింది.

సుగుణ కాసిని చన్నీళ్లు కలుపుకుని రెండు చేతులూ పెట్టింది. ఎంతసేపటికీ తీయలేదు. తర్వాత వేళ్లు ఒక్కొక్కటే మడిచింది, పిడికిలి చేసింది, విప్పింది. "మడుస్తున్నయి వదినె," అంది. నాకు ఏడుపొచ్చింది. కంట్లో పొగ పడిందని చెప్పుకోవడానికి ఆ చుట్టుపక్కల పొగ కూడా లేదు.

ఆరూ ఐదుకు బయల్దేరాను. చీర పెట్టారు, మెంతిరంగు, జరీ అంచు. నేను వద్దనలేదు. గడప దగ్గర సుగుణ కుంకుమ తీసి బొట్టు పెట్టింది. ఆమె వేలు వెచ్చగా తగిలింది.

ఆరున్నరకు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను. ఈ దారిన పోదలచినవారికి నేను చెప్పేది కొంచెమే. దారి సుఖంగా ఉంటుంది, నిలబడి పోయినా కాళ్లు నొప్పి పుట్టేలోపు ఊరు వస్తుంది. పులిహోర అవసరం లేదు. సూర్యుడి కంటే ముందు పొండి. ఆత్మీయుల ఇంటికైతే భోజనం వేళకు కాక, వాళ్లు నిద్ర లేచే వేళకు ఒక్కసారైనా ఉండేటట్టు పొండి. ఇన్నేళ్లుగా నేను మా తమ్ముడి ఇల్లు చూశాననే అనుకున్నాను.

చైతన్యపురి దాటాక ఎదురు సీట్లో కూర్చున్న ఒకావిడ ముందుకు వంగి, "ఏమండీ, మీ బొట్టు కాస్త పక్కకి జరిగిందండి, సరిచేసుకోండి," అంది.

చెయ్యి నుదుటి దాకా పోయింది గాని, ముట్టుకోబుద్ధి కాలేదు.

"ఉండనియ్యమ్మా," అన్నాను. "మా మరదలు పెట్టింది."