రాజేశ్వరిగారి డబరా

స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరినప్పుడల్లా వెనక సీట్లో స్టీలు డబరా మీది మూత గణగణమంటుంది. మొన్న శుక్రవారం దోహాలో ముషైరిబ్ సిగ్నల్ దాకా అదే మోత. పక్కన కూర్చున్న మావారు చెవిలో వేలు పెట్టుకుని, "దానికో గుడ్డ గట్టరాదు?" అన్నారు. డబరాలోంచి ఇంగువ వేసిన పులిహోర వాసన, కిటికీలోంచి సముద్రపు ఉప్పుగాలి. ఈ రెండూ కలిసి ముక్కుకు తగిలితే రాజేశ్వరిగారు గుర్తుకు రాకుండా ఉండరు.

తొంభైల మధ్యలో, పెళ్ళయిన కొత్తల్లో, దోహా వచ్చి అల్ హిలాల్‌లో కాపురం పెట్టాం. ఎదురు ఫ్లాట్ ఆవిడది. కాకినాడ అవతల మడ అడవుల పక్కన పుట్టిన మనిషి, ఇక్కడొక స్కూల్లో లెక్కల టీచరు. చూస్తే ఐదడుగులు ఉండరు గానీ, కింద మెట్ల దగ్గర నవ్వితే మా మూడో అంతస్తులో వినబడేది. నేనా? నిజామాబాద్ నుంచి ఎమ్మెస్సీ పట్టా పట్టుకొచ్చి, కొట్లో కొత్తిమీర కట్ట అడగాలన్నా మావారి వెనక నక్కే రకాన్ని. వాళ్ళ స్కూల్లో ఖాళీ ఏర్పడితే ఆవిడే నా పేరు ఇచ్చేశారు. శనివారం పొద్దున పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. ఆ ఉద్యోగం నాకు కావాలి, ఎంత కావాలో చెప్పలేను, నాలుగు గోడల మధ్య పిచ్చెక్కిపోతోంది. కానీ తరగతి నిండా పిల్లలుంటే నా గొంతు లేస్తుందా? గురువారం సాయంత్రం ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, "నా వల్ల కాదండీ, రానని చెప్పేయండి" అన్నాను.

ఆవిడ చింతపండు పిసకడం ఆపలేదు. "అలాగే చెప్పేద్దాంలే. రేపు పడవల మీదకి వస్తున్నావుగా? ముందు అది కానియ్" అన్నారు.

వాళ్ళాయన మూర్తిగారి కంపెనీ క్లబ్బులో తెడ్లతో నడిపే సన్నటి పడవలు రెండుండేవి. చలికాలం శుక్రవారం సెలవుల్లో వాటిని జీపు మీద కట్టించి, అల్ ఖోర్ దాటి ఉత్తరాన ఉన్న మడ అడవుల్లోకి ఎవరో ఒకరిని తీసుకెళ్ళి తిప్పడం ఆవిడ సరదా. దారి పొడవునా ఈ డబరా మూతే మోగుతోంది. అందరికీ ఇబ్బందని నేను చేత్తో అదిమి పట్టుకున్నాను. ఆవిడ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "వదిలెయ్యవే అమ్మాయ్! చప్పుడు చేస్తే ఎవరి సొమ్మేం పోయింది?" అన్నారు.

ఇసుక, ఇసుక, ఇసుక, ఒక్కసారిగా పచ్చటి పొదలు! వాటి మధ్య మలుపులు తిరుగుతూ ఉప్పునీటి పాయలు. ఆవిడా మూర్తిగారూ మొదటి పడవ తీసుకున్నారు. రెండోదాంట్లో మావారిని ముందు, నన్ను వెనక కూర్చోబెట్టి, తెడ్డుతో పడవని ఎలా తిప్పాలో ఆవిడే నేర్పారు. "వెనకున్నదానికే దారంతా కనబడుతుంది. చూసేవాళ్ళే అరవాలి, తెలిసిందా?" అన్నారు. తెలిసిందన్నట్టు తలూపాను.

ఉన్నది నలుగురం. మనవాళ్ళు కదా, తిండి పదిమందికి సరిపడా ఉంది. పులిహోర, దద్దోజనం, టీకి స్టవ్వు, చాపలు, అన్నీ మా పడవలోనే. వీటికి తోడు పుచ్చకాయ. దాన్ని ఇంట్లో మరిచిపోయానని మావారు సగం దారిలో జీపు వెనక్కి తిప్పించారు. అందుకే ఆలస్యమైంది. మేం పాయలోకి దిగేసరికే సముద్రం నీళ్ళు వెనక్కి పోతున్నాయి. అవతలి ఇసుక తిన్నె ఇంకాస్త దూరం ఉందనగా మా పడవ బురదలో కూరుకుపోయింది. నీళ్ళు పూర్తిగా పోతే మళ్ళీ రాత్రికి పోటు వచ్చేదాకా కదలడం కల్ల.

మావారు డబరా కేసి చూసి, "గిదంత తినేస్తే పడవ తేలికైతది గదా!" అన్నారు.

"కడుపులోకెళ్ళినా బరువు పడవలోనే ఉంటుంది కదయ్యా!" అని రాజేశ్వరిగారు కేక పెట్టారు. మూర్తిగారు నవ్వు ఆపుకోలేక పడవ అంచు పట్టుకుని ఒరిగిపోయారు.

ఇక లాభం లేదని మగవాళ్ళిద్దరూ మోకాలి లోతు బురదలోకి దిగి, చెరో పక్కా పట్టి, తలలు వంచుకుని నెట్టడం మొదలుపెట్టారు. నీళ్ళు ఎటున్నాయో వాళ్ళకి కనబడదు. నాకు కనబడుతోంది. "ఏమండీ, కొంచెం ఇటు..." అని గొణిగాను. ఒకరు అటు నెడితే ఒకరు ఇటు నెట్టారు. దిక్కుతోచక ఆవిడకేసి చూశాను. ఆవిడ లోతు నీళ్ళలో పడవ ఆపుకుని, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నారు.

"నన్ను చూస్తావేం? నేను అరవను" అన్నారు.

అప్పుడు వచ్చింది నా కడుపులోంచి. "ఆగుండ్రి! ఇద్దరూ ఆగుండ్రి! మూర్తిగారూ, మీరు నూకకుండ్రి, ఉత్తగ పట్టుకోండ్రి. ఏమయ్యా, నువ్వు పొదల దిక్కు నూకు! ఇంక... ఇంక... యల్లా, కానియ్!" పొదల్లో కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పడవ జారింది. మావారు బురద ముఖంతో నన్నే చూస్తూ, "ఓయమ్మో, నువ్వేనా!" అన్నారు.

"ఈ గొంతు ఇన్నాళ్ళూ ఏ డబ్బాలో దాచావే?" అని రాజేశ్వరిగారు తెడ్డుతో నీళ్ళని చరిచారు. తిన్నె మీద పులిహోర తింటూ ఆవిడ స్కూలు ఊసే ఎత్తలేదు. చివరికి నేనే, "రేపు ఎన్ని గంటలకండీ?" అని అడిగాను. ఆవిడ చెప్పి, నా విస్తరిలో ఇంకో గరిటెడు వేశారు.

శనివారం సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగాను. వెనక బెంచీల్లో గోల మొదలై ముందుకు పాకింది. ఓ మూల ప్రిన్సిపాల్ పెన్ను పట్టుకుని కూర్చున్నారు. వరండాలో రాజేశ్వరిగారు. నేను చూడగానే, ఆ మహాతల్లి చక్కా వీపు తిప్పేసి నిలబడింది. ఎంత కోపం వచ్చిందో! క్లాసు వైపు తిరిగాను. "ఆగుండ్రి!" అన్నాను, అచ్చం నిజామాబాద్ యాసలో. పిల్లల్లో సగం మందికి తెలుగే రాదు. అందరూ ఆగారు. ప్రిన్సిపాల్ పెన్ను కూడా ఆగింది. వరండాలోంచి ఆ నవ్వు వినబడింది.

ఆ ఉద్యోగం ఇప్పటికీ చేస్తున్నాను. ఆవిడ దోహా వదిలి వెళ్ళేటప్పుడు ఈ డబరా నా చేతుల్లో పెట్టి వెళ్ళారు. కిందటేడు ఆవిడ పోయారని ఫోనొస్తే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడని ఇంకొన్నేళ్ళు దాచుకోగలిగితే ఎంత బాగుండేది.

ముషైరిబ్ దగ్గర సిగ్నల్ పడి కారు ఆగింది. మావారు మళ్ళీ, "గుడ్డ గట్టరాదు, చెవులు పోతున్నయి" అన్నారు.

"కట్టను" అన్నాను, చుట్టుపక్కల కార్లకి కూడా వినబడేలా.