ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగిన ప్రొఫెసర్

నిద్ర లేచాక ఎవరైనా మొహం కడుక్కుంటారు. ప్రొఫెసర్ గారు మాత్రం కంప్యూటర్ తెరిచి, తన వ్యాసాలను నిన్నటి నుంచి ప్రపంచంలో ఎంతమంది ఉదహరించారో చూసుకునేవారు. మొహం సంగతి ఆ తర్వాత. అంకె పెరగని రోజు అసలు కడుక్కునేవారే కాదని వాళ్ళావిడ అనేది గానీ, ఆవిడది కాస్త పెంచి చెప్పే నోరు.

మెదడు మీద మందులు ఏం చేస్తాయో కనిపెట్టడం ఆయన వృత్తి. తన పేరు ఎవరెవరు ఎత్తారో కనిపెట్టడం ఆయన వ్యసనం. సైన్సంటే మానవసేవ అని మైకు దొరికినప్పుడల్లా చెప్పే పెద్దమనుషుల మధ్య, "నాకు సైటేషన్లు కావాలండీ" అని పట్టపగలు ఒప్పుకున్న మొనగాడు ఆయనొక్కడే.

ఓసారి కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, నీ మనవరాలికి మాటలొచ్చాయి."

"ఎన్ని?"

"రెండు."

"మొదటి ఏడాదికి రెండంటే తక్కువేం కాదమ్మా. నాకు ఒక్కటే వచ్చింది."

ఇంకోసారి నిద్ర పట్టడం లేదని డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. డాక్టర్ ఏదో మాత్ర రాశాడు. "దీని మీద నా వ్యాసం చదివారా?" అన్నారు ఈయన. లేదన్నాడు డాక్టర్. "చదవకపోతే పోనీండి, ఎక్కడైనా ఉదహరించండి" అని చీటీ తీసుకుని వచ్చేశారు.

రిటైరయ్యే ఏడాది ఈ పిచ్చి ముదిరింది. దానికో కారణం ఉంది. నలభై వ్యాసాలకి ఒక్కోదానికీ కనీసం నలభై సైటేషన్లున్న వాళ్ళకి, రిటైరయ్యాక కూడా విశ్వవిద్యాలయం గది ఉంచుతుంది. ఆయనవి ముప్ఫై తొమ్మిది వ్యాసాలు గట్టెక్కాయి. నలభయ్యోది మాత్రం ముప్ఫై తొమ్మిది సైటేషన్ల దగ్గర మొండి గేదెలా చతికిలబడింది. ఇంకొక్కటి వస్తే కిటికీ పక్క కుర్చీ, కాఫీ మరకల బల్ల, ముప్ఫై ఏళ్ళ కాగితాలు ఆయనవే. రాకపోతే నెలాఖరుకి తాళం.

"ఎంతకొచ్చింది సార్?" అని వరండాలో ఎదురైన ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళు.

"ముప్ఫై తొమ్మిది."

ప్రయోగాల ఎలుకలను చూసుకునే ఆవిడని అందరూ ఎలుకలక్క అంటారు. ఆవిడా ఎప్పుడో రెండు పేజీల వ్యాసం రాసింది. బోను కడిగిన రోజు ఎలుక బెదిరి ఉంటుందనీ, ఆ రోజు మందు పరీక్షిస్తే ఫలితం నమ్మలేమనీ. తొమ్మిదేళ్ళుగా దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. "నాది సున్నా సార్, హాయిగా నిద్రపడుతుంది" అనేది.

ఆయన చివరి విద్యార్థినికి మాత్రం ఆయన అవస్థ చూస్తే జాలేసేది. సరిగ్గా అప్పుడే ఆమె సొంతంగా రాసిన మొదటి వ్యాసం ఓ పత్రిక అంగీకరించింది. చివర ముప్ఫై వ్యాసాలే ఉదహరించాలన్నది ఆ పత్రిక నియమం. ముప్ఫయ్యోదిగా సారుగారి మొండి గేదెని పెట్టింది. వారంలో అచ్చు. సంబరంగా చివరి ప్రతి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

మర్నాడు ఆ ప్రతి ఎర్ర సిరాతో తిరిగొచ్చింది.

"ముప్ఫయ్యోది అనవసరం" అన్నారు.

"అది మీదే కదా సార్."

"నాది కాబట్టే తెలుసు. అందులో ఉన్నదంతా నీ జాబితాలో ఏడోదాంట్లో ఉంది."

"పోనీ, ఏడోది తీసేద్దాం."

"వద్దు. అది నాదానికంటే బాగుంది."

"ఎవరిది సార్?"

"నాకు పడనివాడిది."

ఆమె కాగితం తిప్పి చూసింది. ఆయన వ్యాసం కొట్టేసి ఉంది. ఆ పక్కన ఎలుకలక్క రెండు పేజీల వ్యాసం పేరు, ఆయన చేతిరాతలో.

"బోన్లు కడిగిన రోజుల్లో నువ్వు పరీక్షలు ఎందుకు చెయ్యలేదు?"

"అక్క వద్దంది సార్."

"మరి ఆ అక్క నీ కాగితంలో ఎక్కడుంది?"

ఆమె తల వంచుకుంది. "ముప్ఫై ఒకటి పెట్టనిస్తారేమో అడుగుతాను సార్" అంది.

"ఒప్పుకోరు. ఆ నియమం పెట్టించిందే నేను. వ్యాసం బెత్తెడు, తోక బారెడు రాస్తుంటే ఒళ్ళు మండి."

"గది పోతుంది సార్."

"ముప్ఫై తొమ్మిది నలభై అయితే ఎంత పెరిగినట్టు? రెండున్నర శాతం. సున్నా ఒకటైతే ఎంత శాతమో చెప్పు."

ఆమె వేళ్ళ మీద ఏదో గుణించబోయి మానేసింది. "లెక్కకి అందదు సార్."

"అందదు కదా. పంపించు."

వ్యాసం అచ్చయింది. నెలాఖరుకి గదికి తాళమూ పడింది. కాగితాల పెట్టెలు పదకొండు, ప్రొఫెసర్ గారు ఒకరు, వెరసి అందరూ ఎలుకల గది ముందు చిన్న గదిలోకి మారారు. ఎలుకలక్క దాణా బస్తాలు జరిపి ఓ స్టూలు వేసింది. "గట్టిగా మాట్లాడకండి సార్, నా పిల్లలు బెదురుతాయి" అని షరతు కూడా పెట్టింది.

ఓ పొద్దున విద్యార్థిని అటుగా వెళ్తూ అలవాటు కొద్దీ అడిగింది. "ఎంతకొచ్చింది సార్?"

"ఒకటి" అన్నారు ఆయన, ముప్ఫై తొమ్మిదినాడు ఎన్నడూ లేని దర్జాతో.

బోను కడుగుతున్న ఎలుకలక్క తలెత్తకుండానే అంది: "సరిగ్గా చూశారా సార్? మధ్యాహ్నం ఇంకోసారి చూడండి. రాత్రంతా నిద్రపట్టలేదు."