మొఘల్‌పురాలో తమ్ముడి గుర్రం

సాయంత్రం ఆరుంబావుకు చిత్రకారుడు యాదగిరి తన గుమ్మం ముందు నీళ్లు చల్లుతున్నాడు. డెబ్బైల్లో మొఘల్‌పురాలోని ఆ గల్లీ చిత్రకారులు నెలకొక సాయంత్రం ఇళ్ల తలుపులు తెరిచి కొత్త బొమ్మలు చూపేవారు. అక్కడే బొమ్మలు వేయడం నేర్చుకున్న మా తమ్ముడు చనిపోయాడు. వాడు సగంలో వదిలిన గుర్రం బొమ్మను అలాంటి ఒక సాయంత్రానికి నేను రాజమండ్రి నుంచి తీసుకెళ్లాను.

"దీన్ని మీరు పూర్తి చేస్తారా?" అని యాదగిరిని అడిగాను.

"గదేంది అన్నా! వాని బొమ్మ మీద మేం చెయ్యి పెట్టం. గిట్లనే పెడతం. పోయినోని బొమ్మ అందరు చూసినంకనే మా తలుపులు తెరుస్తం."

గల్లీవాళ్లంతా వచ్చి ఆ బొమ్మ ముందు కూర్చున్నారు.

"కాళ్లు ఎయ్యలే చూడు భాయ్, ఎప్పటి లెక్కనే బద్ధకం!" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. మా ఇంట్లో తమ్ముడి పేరెత్తితే ఏడుపే. అక్కడ నేనూ నవ్వాను.

ఇప్పుడు ఆ గల్లీలో బొమ్మల కోసం ఎవరూ తలుపులు తెరవడం లేదు.